మిగిలిపోయిన అయిదు క్లోరిన్లు

మా అక్కను కాలేజీలో అందరూ సీసాలక్క అంటారు. పంతొమ్మిదేళ్ళు కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడిగి, ఆరబెట్టి, సీసాలకు చీటీలు అంటించి, ప్రాక్టికల్స్ రోజున ద్రావణాలు కలిపి బల్లల మీద సర్దిపెట్టింది. పేరుకు అటెండరు. నిజానికి ఆ ల్యాబుకు కళ్ళూ కాళ్ళూ ఆవిడే. అక్క రెండు రోజులు సెలవు పెడితే మూడో రోజుకల్లా అక్కడ కారకుండా నిలబడే బ్యూరెట్టు గొట్టం ఒక్కటి కూడా దొరికేది కాదు.

నేను ఆవిడ చెల్లెల్ని. ఆడవాళ్ళ బట్టలు కుడతాను. బావ పోయాక అక్క నా దగ్గరికే వచ్చేసింది. ముందు గదిలో నా మిషను, వెనక గదిలో మేమిద్దరం. ఇద్దరికీ పంచాల్సిన కోపమంతా నాకొక్కదానికే వచ్చిందని అమ్మ అంటూ ఉండేది. అక్క నోట్లో నాలుక లేని మనిషి. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే "సారీ అండీ" అంటుంది. అందుకే ఈ సంగతి ఆవిడ ఎప్పటికీ రాయదు. నేను రాస్తున్నాను. చల్లగా రాయమంటే మాత్రం నా వల్ల కాదు.

అక్క పదో తరగతి పాసయింది గానీ, సైన్సులో గట్టెక్కిందంతే. రసాయన సమీకరణాలను తుల్యం చేయమని ప్రశ్న వస్తే ఆ ప్రశ్న జోలికే పోయేది కాదు. మధ్యలో ఆ బాణం గుర్తు చూస్తే చాలు, పేజీ తిప్పేసేదట. అలాంటి మనిషికి బతుకుతెరువు కెమిస్ట్రీ ల్యాబులోనే దొరికింది. ఎన్ని గ్రాములు, ఎన్ని నీళ్ళు అని గోడకు అంటించిన కాగితం చూసి కలపడమే. అందులో ఏముందో, ఎందుకుందో ఆవిడకు అక్కర్లేదు, ఎవరూ చెప్పలేదు.

గత ఏడాది ఒక మధ్యాహ్నం ప్రాక్టికల్స్ అయ్యాక ఆవిడ మాస్టార్ని ఒక మాట అడిగింది. మాస్టారంటే ఆ ల్యాబు చూసే కెమిస్ట్రీ లెక్చరరు. చేతికి సుద్ద అంటకుండా ముక్కకు కాగితం చుట్టుకుని రాసే శుభ్రమైన మనిషి. పాఠం చెప్పడంలో ఆయనకు తిరుగులేదు. ఎంత కోపంలో ఉన్నా ఆ మాట కాదనలేను.

"సార్, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఈ ఆమ్లం ఇరవై తీసుకుంటే క్షారం ఇరవయ్యే పడుతుంది. ఆ పక్క సీసాలోది ఇరవై తీసుకుంటే మాత్రం నలభై తాగుతుంది. రెండూ ఒకే బలానికి నేనే కలిపాను. ఎందుకు సార్ అలా?"

మాస్టారు చేతిలో పుస్తకం పక్కన పెట్టేశారట. "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క స్టూడెంటు అడగలేదమ్మా ఈ ప్రశ్న," అన్నారట. ఆ రోజు అక్క ఇంటికి రావడం రావడమే చెప్పులు విప్పకుండా ఈ మాట చెప్పింది. నలభై అయిదేళ్ళ మనిషి, మొదటిసారి క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లలా నిలబడింది గుమ్మంలో.

దానికి జవాబు అర్థం కావాలంటే ముందు సమీకరణాలు రావాలన్నారట మాస్టారు. అలా మొదలైంది చదువు. వారానికి మూడు రోజులు, నాలుగున్నరకి పిల్లలు వెళ్ళిపోయాక, ఓ ఇరవై నిమిషాలు. నల్లరాతి బల్ల మీదే సుద్దతో రాసేవారు మాస్టారు. పాఠం అయ్యాక అక్క తడిగుడ్డతో తుడిచేసేది. మొదటి రోజు నీళ్ళు. హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ రెండు కలిస్తే నీరు వస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఒక్కటే ఉంది, రెండోది ఏమైందో చెప్పమన్నారు. అక్క కాసేపు చూసి, నీటి గుర్తులో ఆక్సిజన్ కింద రెండు వేసేసింది.

"సరిపోయింది సార్! ఇటు రెండు, అటు రెండు."

"సరిపోయింది. కాకపోతే నువ్వు చేసింది నీళ్ళు కాదు. అదుగో, కింది అరలో గోధుమరంగు సీసాలో ఉందే, పుండ్లు కడిగే పెరాక్సైడు, అది చేశావు. దాహమేస్తే అది తాగుతావా?"

ఇద్దరూ నవ్వుకున్నారట. తర్వాత ఆయన చెప్పిన మాట అక్క ఇంటికొచ్చి నాకు చెప్పింది, నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు. "కింద ఉండే అంకె ఆ వస్తువు పుట్టుక. దాన్ని మనం ముట్టుకోకూడదు. ఎన్ని కావాలన్నదే మన చేతిలో ఉంటుంది. ఆ అంకె ముందు రాసుకోవాలి." నీళ్ళు రెండు కావాలంటే ముందు రెండు. అప్పుడు హైడ్రోజన్ నాలుగవుతుంది కాబట్టి ఎడమ పక్కకి వెళ్ళి అక్కడా రెండు. నాకు ఇంత వివరం ఎందుకు తెలుసంటే, ఆవిడ నేర్చుకుంటుంటే నాకు తెలియకుండానే నాకూ వచ్చేసింది. ఎవరైనా అడిగితే మాత్రం రాదనే చెబుతాను.

ఆ నెల నుంచి నా గుండీల డబ్బా ఖాళీ అవడం మొదలైంది. తెల్లవి హైడ్రోజన్, నల్లవి ఆక్సిజన్, జాకెట్లకు దాచుకున్న ఎర్ర గుండీలు ఇనుము. జతగా ఉండేవాటిని దారంతో కలిపి కుట్టేసేది. కుట్టు విప్పడానికి లేదు, ఇంకో జత తెచ్చుకోవాల్సిందే.

"అక్కా, రేపు డెలివరీ ఉంది. నా ఎర్ర గుండీలు ఏవి?"

"ఉండవే, తుప్పు పడుతోంది," అనేది తలెత్తకుండా.

ఆ తుప్పు దగ్గరే ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇనుముతో ఆక్సిజన్ కలిస్తే తుప్పు. ఆక్సిజన్ వచ్చేది రెండేసి, తుప్పులో ఉండేది రెండు ఇనుములకి మూడు. ఒకటి పెంచితే ఒకటి తగ్గుతుంది. వారం రోజులు ఆవిడ గుండీలు పేర్చడం, చెరిపేయడం. అన్నం తింటూ కంచంలో మెతుకులు జతలు పెట్టడం కూడా చూశాను. మాస్టార్ని అడగమన్నాను. "చెప్పరే. నన్నే కనుక్కోమన్నారు," అంది గర్వంగా. ఆ మాటలో ఎంత గర్వముందో చెప్పలేను.

అది బస్సులో దొరికింది ఆవిడకి. మా బస్సుల్లో ఒక పక్క ఇద్దరు కూర్చునే సీట్లు, ఇంకో పక్క ముగ్గురు కూర్చునేవి. ఆరుగురు ఎక్కితే ఇటు మూడు సీట్లు నిండుతాయి, అటయితే రెండు సీట్లు నిండుతాయి. రెండూ మూడూ కలిసేది ఆరు దగ్గర! ఆక్సిజన్ మూడు జతలు, తుప్పు రెండు, ఇనుము నాలుగు. ఆ సంబరంలో దిగాల్సిన స్టాపు దాటిపోయి, రెండు స్టాపుల దూరం వెనక్కి నడిచొచ్చింది. చెమటలు కక్కుతూ వచ్చి, నా మిషను మీద ఉన్న బట్ట మీదే గీత సుద్దతో రాసి చూపించింది. నేను తిట్టాను. ఆవిడకు వినపడలేదు.

మర్నాడు మాస్టారు అది చూసి "శభాష్" అన్నారట. ఒక్క మాట. దాంతో వారమంతా ఆవిడ కాళ్ళు నేల మీద లేవు.

అయిదు నెలలు గడిచాయి. అప్పుడు పడింది నోటీసు. అక్క కాలేజీ యాజమాన్యానికే ఊరికి అవతలి పక్క రెండో కాలేజీ ఒకటి ఉంది. అక్కడ ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయింది. పదేళ్ళ సర్వీసున్న అటెండర్లు కూడా రాసుకోవచ్చు. ముందు రాతపరీక్ష, తర్వాత ముగ్గురు సభ్యుల ముందు బోర్డు మీద పరీక్ష. ముగ్గురూ తలో ప్రశ్న అడుగుతారు. మూడూ చెప్పితీరాలి.

అక్క ఆ నోటీసు నాకంటే ముందు మాస్టారికి చూపించింది. ఆయన రెండుసార్లు చదివారట. "రాయి, రాయి. నువ్వు కాకపోతే ఇంకెవరు?" అన్నారట. ఆ పోస్టు అంటే ఆవిడకు ఏమిటో నాకు తెలుసు. ఇంక జీవితాంతం ఒకరు వాడి పారేసిన ఫ్లాస్కులు కడగనక్కర్లేదు. పిల్లల పక్కన నిలబడి, ఇది ఎందుకు ఇలా అవుతుందో చెప్పే పని. ఆవిడ కడిగే చేతుల చర్మం చూసినవాళ్ళెవరైనా ఆ పోస్టు ఆవిడకు రావాలనే కోరుకుంటారు. వేళ్ళ మధ్య పగుళ్ళు, గోళ్ళకు వదలని గోధుమ మరకలు. మిషను మీద సిల్కు గుడ్డ ఉంటే ముట్టుకోవడానికి ఆవిడే భయపడేది, దారాలు లేస్తాయని.

రాతపరీక్ష బాగా రాసింది. రాసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. బోర్డు పరీక్ష రోజు నేనే ఆవిడకి లేత నీలం చీర ఇస్త్రీ చేసిచ్చాను. జాకెట్టు కొత్తది, రెండు రోజులు కూర్చుని కుట్టాను.

పరీక్ష ప్రిన్సిపాల్ గదిలో. ముగ్గురిలో ఒకరు అక్క కాలేజీ ప్రిన్సిపాల్, ఆయన కామర్స్ మనిషి. రెండో ఆవిడ అవతలి కాలేజీ ప్రిన్సిపాలు, చెప్పేది చరిత్ర. మూడో ఆయన మాస్టారు. అంటే ఆ గదిలో కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అడిగే ఆయన, ఒకరు చెప్పాల్సిన మా అక్క.

ప్రిన్సిపాల్ కాగితంలో చూసి, ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలా, నీళ్ళను ఆమ్లంలో పోయాలా అని అడిగారు. అది ఆవిడ నిద్రలో లేపినా చెబుతుంది. రెండో ఆవిడ, మంట అంటుకుంటే ముందు ఏం చేస్తావని అడిగారు. దానికీ చెప్పింది. అప్పుడు మాస్టారు లేచి, సుద్దకు కాగితం చుట్టుకుని, బోర్డు మీద ఒక సమీకరణం రాశారు. పొటాషియం పర్మాంగనేటు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బాణం. అటు పక్క పొటాషియం క్లోరైడు, మాంగనీసు క్లోరైడు, నీరు. రాసి, సుద్ద ఆవిడ చేతికిచ్చి, వెళ్ళి కూర్చున్నారు.

అక్కకు ఆ ఊదారంగు పలుకులు ఎంత తెలుసో చెప్పలేను. ఏడాదికి నాలుగుసార్లు ఆ ప్రయోగానికి సామాను సర్దేది ఆవిడే. మెల్లగా లెక్కపెట్టుకుంది. పొటాషియం సరిపోయింది, మాంగనీసు సరిపోయింది. ఆక్సిజన్ నాలుగు, కాబట్టి నీరు నాలుగు. అప్పుడు హైడ్రోజన్ ఎనిమిది, కాబట్టి ఆమ్లం ఎనిమిది. క్లోరిన్ ఎడమ పక్క ఎనిమిది, కుడి పక్క మూడే. అయిదు క్లోరిన్లు మిగిలిపోయాయి.

ఆ అయిదూ ఎక్కడికి పోయాయో ఆవిడకు అప్పుడే అర్థమైంది. ఆ పలుకుల మీద ఆమ్లం పడగానే పచ్చటి గాలి లేస్తుంది, గొంతు పట్టేస్తుంది. అందుకే ఆ ప్రయోగం ఎప్పుడూ పొగలు లాగే ఫ్యాను కిందే సర్దేది. క్లోరిన్ వాయువు. బోర్డు మీద అది లేదు. అది రాయకుండా ఈ సమీకరణం ఎవరొచ్చినా తుల్యం కాదు. అది రాసుకుంటే, క్లోరిన్ కూడా జతలుగానే ఉంటుంది, అయిదు జతలుగా కుదరదు కనక అంతా రెట్టింపు చేసి, ముందర అంకెలు ఏం రావాలో కూడా ఆవిడ మనసులో వేసేసుకుంది. రెండు, పదహారు, రెండు, రెండు, ఎనిమిది, అయిదు.

నోరు తెరిచి ఆ ఒక్క మాట చెబితే అయిపోయేది.

కానీ చెప్పాలంటే, మాస్టారు తప్పు రాశారని చెప్పాలి. ఇద్దరు ప్రిన్సిపాళ్ళ ముందు, అందులో ఒకరు బయటివారు. ఆవిడ వెనక్కి తిరిగి మాస్టారి వంక చూసింది, ఆయనే గమనించి దిద్దుకుంటారని. ఆయన ఆవిడ సర్వీసు ఫైలు తిరగేస్తున్నారు. ఇంకాసేపు ఆగి మళ్ళీ చూసింది. ఈసారి ఆయన తలెత్తారు.

"ఏమ్మా, రావడం లేదా?"

"రావడం లేదు సార్," అంది మా అక్క. సుద్ద బల్ల మీద పెట్టేసి, అందరికీ దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పి, చివర్లో ఏమందో తెలుసా? "పాపం, సారు కంగారులో మర్చిపోయారే. తెలిశాక ఎంత బాధపడతారో." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకు మతి ఉందా అక్కా? పోస్టు పోయింది నీది! సార్, ఇక్కడ క్లోరిన్ రాయలేదు అనడానికి నోరు పడిపోయిందా?"

"నాకు అక్షరం ముక్క రాకపోతే నేర్పిన మనిషి. ఆయన నేర్పినదాంతోనే నలుగురిలో ఆయన్ని చిన్నబుచ్చమంటావా?"

"ఆయన నిన్ను చిన్నబుచ్చలా?"

"తెలియక చేశారు. రేపు పొద్దున్నే వెళ్ళి చెబుతాను. ఆయనే ప్రిన్సిపాల్ గారికి చెప్పి సరిచేస్తారు," అంది. ఆ రోజు నేను అన్నం వడ్డించలేదు, ఆవిడే వడ్డించుకుంది, నాకూ పెట్టింది.

మర్నాడు పొద్దున్న మొదటి గంటకు ముందే ల్యాబుకు వెళ్ళింది. మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఆయనకు ఇబ్బంది లేకుండా ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకుందట. చివరికి, "సార్, నిన్న కంగారులో క్లోరిన్ వదిలేశారు. అయిదు మిగిలాయి," అని చెప్పింది.

ఆయన ఉలిక్కిపడలేదు. అయ్యో అనలేదు. స్టూలు ముందుకు లాగి, "కూర్చో," అన్నారు. పంతొమ్మిదేళ్ళలో ఆ స్టూలు మీద ఆవిడను కూర్చోమనడం అదే మొదలు. పాఠం చెప్పినన్నాళ్ళూ ఆవిడ నిలబడే విన్నదని నాకు అప్పుడే తెలిసింది.

"వదిలెయ్యలేదమ్మా. కావాలనే రాయలేదు."

అక్కకు అర్థం కాలేదు. పరీక్షించడానికి అలా ఇచ్చారేమో అనుకుంది. "నేను కనిపెడతానో లేదో చూద్దామనా సార్?"

"నువ్వు కనిపెడతావని నాకు తెలుసు. పైకి అనవని కూడా తెలుసు. నువ్వటు వెళ్ళిపోతే ఇక్కడ ఎవరున్నారు? కొత్తగా వచ్చేవాళ్ళకి సీసా మూత తీయడం కూడా నేర్పాలి. నాకింక రెండేళ్ళే సర్వీసు. ఈ రెండేళ్ళూ నీలాంటి మనిషి నాకు ఎక్కడ దొరుకుతుంది? ఓపిక పట్టు. నేను రిటైరయ్యేటప్పుడు నీ గురించి యాజమాన్యానికి నేనే రాసి వెళతాను."

మెచ్చుకుంటున్నట్టే చెప్పారట ఇదంతా. నిజంగా మెచ్చుకున్నాననే అనుకున్నారేమో కూడా. ఇంకోమాట కూడా అన్నారు. "అయినా, నిన్న నువ్వు నోరు విప్పి ఉంటే నేను కాదనేవాణ్ణా? అక్కడికక్కడే ఒప్పుకునేవాణ్ణి. నువ్వే ఊరుకున్నావు."

చూశారా? ఆవిడ మర్యాదను కొలిచి, దానికి సరిపడా గొయ్యి తవ్వి, పడిందేమో నువ్వే కదా అన్నాడు. ఇక్కడి నుంచి నేను ఆయన్ని "రు" పెట్టి రాయదలుచుకోలేదు. అక్క చదివితే ఊరుకోదు, దిద్దమంటుంది. దిద్దను.

అక్క స్టూలు మీంచి లేచింది. అరవలేదు, ఏడవలేదు. "అడిగి ఉంటే ఉండిపోయేదాన్ని సార్," అంది. "నువ్వెళ్ళొద్దమ్మా, నాకు ఇబ్బందవుతుంది అని ఒక్క మాట అంటే అసలు దరఖాస్తే పెట్టేదాన్ని కాదు."

అంతలో గంట కొట్టారు, పిల్లలు వచ్చేశారు.

పోస్టు బయటివాళ్ళకెవరికో వెళ్ళింది. అక్క ఫైల్లో "సామాన్య సమీకరణం కూడా తుల్యం చేయలేకపోయినది" అని ఒక వాక్యం చేరింది, కింద ఆయన సంతకం. ఆఫీసులో కాగితాలు అందించే అతను చూసి చెబితే తెలిసింది మాకు. సామాన్యమట!

నేను వెళ్ళి ప్రిన్సిపాల్ ముందే కడిగేస్తానన్నాను. బోర్డు తెప్పించు, నేనే రాసి చూపిస్తానన్నాను, నాకూ వచ్చు కదా. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. తనకు తానుగా ఒక్కటే చేసింది. ల్యాబు నుంచి లైబ్రరీకి మార్చమని అర్జీ పెట్టుకుంది. ఆయన రెండుసార్లు మనిషిని పంపాడు, ఒకసారి తనే లైబ్రరీ గుమ్మం దాకా వచ్చాడు. అక్క లేచి నిలబడి నమస్కారం పెట్టి, మళ్ళీ కూర్చుని పుస్తకాలకు నంబర్లు వేసుకుంది. ఇప్పుడు ల్యాబులో వారానికి రెండు బ్యూరెట్లు పగులుతున్నాయని విన్నాను. నాకు సంతోషంగానే ఉంది.

మొన్న ఆదివారం నేను హుక్కులు కుడుతుంటే అక్క పక్కనే కూర్చుని దారాలు తెంపుతోంది. చేతులు కాస్త నయమయ్యాయి. ఊరుకోలేక మళ్ళీ అడిగాను.

"నిజం చెప్పు. పోస్టు పోయినందుకు నీకు ఇప్పుడైనా కోపం రావడం లేదా?"

"పోస్టుదేముందే. ఇంకోటి పడితే మళ్ళీ రాస్తాను." కాసేపు దారం ముక్కల్ని అరచేతిలో పోగేసింది. "ఆ రోజు బోర్డు ముందు అయిదు మిగిలాయని తెలిసినప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. జన్మలో మొదటిసారి నాకు ఒక లెక్క పూర్తిగా తెలిసింది, ఎదురుగా ఉన్నదాంట్లో లేనిది కూడా తెలిసింది. అది ఎంత గొప్పో తెలిసిన మనిషి ఆ గదిలో ఆయనొక్కరే కదా."

"అయితే?"

"మర్నాడు పొద్దున్నే పరిగెత్తింది పోస్టు కోసం కాదే. శభాష్ అంటారని వెళ్ళాను."

అక్క లేచి, దారం ముక్కలు బుట్టలో వేసి, స్టవ్ మీద టీ పెట్టడానికి వెళ్ళింది.